ఖర్జూరం ఉండలు, అత్తగారి షుగరు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆమెకు ముప్పై ఐదేళ్ళు, ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో భర్త, ఎనిమిదేళ్ళ పాప, మూడేళ్ళ బాబు ఉన్నారు. తెనాలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన అత్తగారు రెండేళ్ళుగా వీళ్ళతోనే ఉంటున్నారు. పాపకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పడంతో బిస్కెట్లు, చాక్లెట్లు మాన్పించి, పొయ్యి వెలిగించే పని లేకుండా ఖర్జూరం, కిస్మిస్, బాదం, జీడిపప్పు, కాస్త తేనె కలిపి ఉండలు చేయడం మొదలుపెట్టారు. పిల్లలు ఇష్టంగా తిన్నారు. "ఇందులో షుగర్ లేదమ్మా, నువ్వూ తిను" అని భర్తే తల్లికి పెట్టారు. పదేళ్ళుగా షుగరున్న ఆవిడ, ఇన్నాళ్ళకు భయం లేకుండా తినగలిగే తీపి దొరికిందని రోజుకు మూడేసి తిన్నారు.

రెండు నెలల తర్వాత రక్తంలో చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 7.2 ఉన్నది 8.1కి వచ్చింది. డాక్టరు మాత్రల డోసు పెంచారు. "నీ ప్రయోగాలు మా అమ్మ మీదా?" అని భర్త అన్నారట. అత్తగారు ఏమీ అనలేదు కానీ డబ్బా ముట్టుకోవడం మానేశారు. ఈలోగా రుచి కోసం మామిడిపండు గుజ్జు కలిపి చేసిన ఉండలకు మూడో రోజే బూజు పట్టింది. "మా సున్నుండలు నెలైనా చెడవు" అని అత్తగారు అప్పుడు మాత్రం అన్నారు. ఒకసారి బాబుకు జీడిపప్పు పలుకు గొంతులో అడ్డుపడి ఇంటిల్లిపాదీ హడలిపోయారు. మరోపక్క అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ పుట్టినరోజుకు కిలో చేసివ్వమని, డబ్బా మీద షుగర్ ఫ్రీ అని రాయమని అడుగుతున్నారు. "మంచి చేద్దామనుకుంటే ఇలా అయింది. మొత్తం మానేయనా? లేక నేను చేసింది తప్పేమీ కాదని వాళ్ళకు నచ్చజెప్పాలా? ఇంట్లో ఉండల మాట ఎత్తితేనే టెన్షన్‌గా ఉంది" అని అడిగారు.

సమాధానం

ముందు ఒక అత్యవసరమైన మాట. డోసు పెంచిన రోజు ఈ ఉండల సంగతి డాక్టరుగారికి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పకపోతే రేపే ఫోన్ చేసి చెప్పండి. అత్తగారి తిండి ఎప్పటిలాగే ఉందనుకుని ఆయన మందు పెంచి ఉండొచ్చు. ఇప్పుడు ఆవిడ ఉండలు పూర్తిగా మానేశారు. తీపి తగ్గి, మందు పెరిగితే కొన్ని రకాల మాత్రలతో షుగర్ మరీ కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. ఆవిడ స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డోసు తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది డాక్టరుగారే చెప్పాలి, మీరు ఇంట్లో మార్చకండి.

ఇక ఆ ఉండలో ఏముందో చూద్దాం. మీరు కొలతలు రాయడం మంచిదైంది: 400 గ్రాముల ఖర్జూరం, 100 గ్రాముల కిస్మిస్, 50 గ్రాముల తేనె, 150 గ్రాముల బాదం, జీడిపప్పు. వాటితో 20 ఉండలు. గింజ తీసిన ఖర్జూరంలో బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరలే. కిస్మిస్ కూడా ఇంచుమించు అంతే. తేనెలో ఐదింట నాలుగు వంతులు. లెక్క కడితే మొత్తం సుమారు 360 గ్రాములు, అంటే ఒక్కో ఉండకు 18 గ్రాములు. చెంచాకు 4 గ్రాముల పంచదార అనుకుంటే నాలుగున్నర చెంచాలు. రోజుకు మూడు ఉండలంటే పదమూడు చెంచాలు దాటింది. పిండికి సమానంగా బెల్లం వేసి చేసిన సున్నుండ ఇదే సైజులో ఉంటే అందులో కూడా ఇంత చేరదు.

ఈ లెక్క మిమ్మల్ని నొప్పించడానికి చెప్పలేదు. పంచదార డబ్బా తెరవకుండా చేశారు కాబట్టి చక్కెర లేదనుకున్నారు. చాలా ఇళ్ళలో ఇదే పొరపాటు జరుగుతోంది. ఖర్జూరంలో పీచు ఉంటుంది, కాబట్టి రెండు పండ్లు నమిలి తింటే రక్తంలోకి చక్కెర చేరే తీరు పంచదార తిన్నట్టు ఉండదు. దాన్ని మిక్సీలో ముద్ద చేసి, తేనె పోసి, ఒక్కో ఉండలో మూడు నాలుగు పండ్లు పట్టించేసరికి ఆ మేలు చాలావరకు కొట్టుకుపోతుంది. నమిలి తింటే రెండు పండ్లకే చాలనిపించేది, ఉండగా చుడితే పది పండ్లు తిన్నా తెలియదు.

అయితే పెరిగిన షుగరంతా మీ ఉండల పాపమేనా? అలా అనలేం. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటును చూపే పరీక్ష. మీరు ఉండలు చేయడం మొదలుపెట్టి రెండు నెలలే. అదే సమయంలో మోకాళ్ళ నొప్పితో అత్తగారు సాయంత్రం నడక మానేశారని ఉత్తరం మూడో పేజీలో, ఏదో మాటల్లో మాటగా రాశారు. నా దృష్టిలో అది మాటల్లో మాట కాదు, ఫలితాన్ని మార్చగలిగేంత విషయం. రెండూ కలిసే పనిచేసి ఉంటాయి. నేరమంతా మీ నెత్తిన వేసుకోవద్దు, అలాగని నా ఉండలకేం సంబంధం లేదని వాదనకూ దిగవద్దు.

పాప సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇదంతా మొదలైంది తన కోసమే. ఖర్జూరం తింటే రక్తం పడుతుందని మనందరం చిన్నప్పటి నుంచి వింటున్నాం. నిజానికి 100 గ్రాముల ఖర్జూరంలో ఇనుము దాదాపు 1 మిల్లీగ్రామే. పాప రోజుకు నాలుగు పండ్లు తిన్నా రక్తం లోటు దానితో తీరదు. మీరు వదిలేసిన నువ్వుల్లో ఇనుము దానికి పది రెట్లకు పైనే ఉంది. పొట్టు తీయని నువ్వుల్లో కాల్షియం కూడా దండిగా ఉంటుంది. గింజల్లోని ఇనుమును ఒళ్ళు పూర్తిగా పట్టించుకోలేదు కాబట్టి తోడుగా విటమిన్ సి ఉండాలి. ఉండ తిన్న పూట ఒక జామకాయ ముక్కో, ఉసిరికాయో, బత్తాయి తొనలో పెట్టండి. ఉండతో పాటు టీ మాత్రం వద్దు, అది ఇనుమును పట్టనివ్వదు. ఇవన్నీ చేసినా ఒక్కో ఉండతో పాపకు చేరే ఇనుము కొద్దిపాటిదే. డాక్టరు ఐరన్ సిరప్ రాసి ఉంటే అది చెప్పినన్నాళ్ళు వేయాల్సిందే. "ఉండలు తింటోందిగా" అని సిరప్ ఆపి ఉంటే ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టండి.

బాబు విషయంలో నాది ఒకటే మాట, దీనికి రెండో దారి లేదు. ఐదేళ్ళు నిండేదాకా పలుకులున్న ఉండ వద్దు. బాదం, జీడిపప్పు, పల్లీ ఏదైనా మెత్తటి పొడిగానే పడాలి. ఉండను కూడా చిన్న ముక్కలుగా తుంపి, కూర్చోబెట్టి తినిపించండి. ఆడుకుంటూ, పరుగెత్తుతూ తినడమే ఎక్కువ ప్రమాదం. ఇంటికి ఏడాది నిండని పసిబిడ్డలతో చుట్టాలు వస్తే తేనె కలిపిన ఉండ నాకించనివ్వకండి. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా వల్ల ఆ వయసులో ప్రాణం మీదికి రావచ్చు.

బూజు ఎందుకు పట్టిందో మీ అత్తగారి మాటలోనే ఉంది. సున్నుండలో నీటి చుక్క పడదు. మినప్పప్పు వేగి ఉంటుంది, బెల్లం, నెయ్యి తప్ప తడి లేదు. మీరు మామిడి గుజ్జుతో నీళ్ళు కలిపారు. పండు గుజ్జు వేసిన ఉండ ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయాల్సిన వస్తువు. అరటిపండు వేసినా అంతే. పండు రుచే కావాలంటే మామిడి తాండ్రను సన్నగా తరిగి కలపండి. ఆత్రేయపురం వైపు నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి, గుజ్జులోని నీళ్ళన్నీ ఎండలోనే పోయి ఉంటాయి. కాకపోతే చాలా తాండ్రల్లో పంచదారో బెల్లమో కలుపుతారు, దాన్నీ తీపి లెక్కలోనే వేయాలి. బూజు పట్టిన ఉండలను ఆ భాగం గిల్లేసి వాడొద్దు, మొత్తం పారేయాలి. పల్లీలు కొనేటప్పుడు కూడా ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరి అవతల పడేయండి. వాటిలో చేరే విషం వేయించినా పూర్తిగా పోదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మానేయనా అని. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొత్తం మానేయవచ్చు. ఇంట్లో గొడవ ఆ రోజుకు సద్దుమణుగుతుంది. కానీ సాయంత్రం నాలుగింటికి బడి నుంచి వచ్చిన పాపకు ఏదో ఒకటి పెట్టాలి కదా. అలసిపోయి ఆఫీసు నుంచి వచ్చాక చేతికందేది మళ్ళీ బిస్కెట్ ప్యాకెట్టే. పైగా మీ భర్త మాటే నిజమన్నట్టు మీ మనసులో ఉండిపోతుంది. నాకు ఈ దారి అంతగా నచ్చలేదు.

పిల్లలకు ఇప్పటిలాగే చేసి, అత్తగారికి చక్కెర లేని చిరుతిండి వేరేగా పెట్టవచ్చు. వేయించిన శనగలో, ఉడికించిన పల్లీలో, బొబ్బర్ల గుగ్గిళ్ళో. షుగర్ వరకు చూస్తే ఇది అన్నిటికన్నా భద్రమైన దారి. ఇబ్బంది మనుషుల మధ్య వస్తుంది. అందరి చేతిలో ఉండ ఉండి ఆవిడ చేతిలో గుగ్గిళ్ళ గిన్నె ఉంటే, అదీ ఇంత జరిగాక, నన్ను వేరు చేశారనుకునే అవకాశం ఉంది. ఆ గుగ్గిళ్ళు అందరూ తింటే ఆ బాధ ఉండదు. వారంలో నాలుగు రోజులు ఇంటిల్లిపాదికీ అవే పెట్టండి, ఉండలు మిగతా మూడు రోజులకే ఉంచండి.

మూడోది, ఉండనే మార్చడం. నేనైతే ఇటే మొగ్గుతాను. ఖర్జూరాన్ని తీపి కోసం కాక, జిగురు కోసం వాడండి. 200 గ్రాముల గింజ తీసిన మెత్తటి ఖర్జూరానికి 80 గ్రాముల పుట్నాల పప్పు, 70 గ్రాముల నువ్వులు, 50 గ్రాముల పల్లీలు తీసుకోండి. తేనె, కిస్మిస్ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తగ్గించమన్న చక్కెరల్లో తేనె ఉంది, ముక్కగా తినే ఎండు పండు లేదు. కాబట్టి ముందుగా పోవాల్సింది తేనే. పుట్నాల పప్పు అంగట్లో వేయించే వస్తుంది, పొయ్యి పని లేదు. నువ్వులు, పల్లీలు మాత్రం దోరగా వేయించి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద మిక్సీలో వేస్తే నూనె తేలి ముద్దగా అతుక్కుపోతాయి. ముందు పుట్నాలు మెత్తగా పొడి చేసి తీసేయండి. తర్వాత పల్లీలు, నువ్వులు ఆపి ఆపి తిప్పి పొడి చేయండి. చివరగా అందులో ఖర్జూరం, తీసి ఉంచిన పుట్నాల పొడి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి ఒక తిప్పు తిప్పితే ముద్ద కడుతుంది. పొడిపొడిగా రాలిపోతుంటే చెంచాడు నెయ్యి వేసుకోండి, నీళ్ళు చిలకరించవద్దు. పెద్ద ఉసిరికాయంత సైజులో 20 ఉండలొస్తాయి. ఒక్కోటి 20 గ్రాములు, అందులో చక్కెర ఆరేడు గ్రాములు. అంటే పాత ఉండలో మూడో వంతు. తడిలేని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు బాగుంటాయి. బాదం, జీడిపప్పు లేవు కాబట్టి ఖర్చు కూడా సగానికి పైగా తగ్గుతుంది. బాదం వేయకపోతే హెల్దీ కాదని ఈమధ్య చాలామంది అనుకుంటున్నారు. పుట్నాలు, పల్లీలు, నువ్వులు ఏ విధంగానూ తక్కువ తిండి కాదు.

ఖర్జూరం కొనేటప్పుడు పంచదార పాకం పూసినది కాకుండా చూసుకోండి, ప్యాకెట్ మీద పదార్థాల వరుసలో రాసి ఉంటుంది. రంగురంగుల ఎండు పైనాపిల్, చెర్రీ, క్రాన్‌బెర్రీ ముక్కలు చాలావరకు పంచదారలో నానినవే. టూటీ ఫ్రూటీ అయితే పచ్చి బొప్పాయి ముక్కలను పాకంలో ఊరేసి రంగు వేసినది, దాన్ని పండ్ల లెక్కలో వేయకండి.

ఈ కొత్త ఉండ అత్తగారు తినవచ్చా? డాక్టరుగారు సరేనంటే రోజుకు ఒకటి, అదీ ఆ పూట తినే వేరే తిండికి బదులుగా. అన్నం తిన్నాక పైన నోరు తీపి చేసుకోవడానికి కాదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉందన్నారు. ఉండ తిన్న రోజు రెండు గంటల తర్వాత ఒకసారి, తినని రోజు అదే వేళకు ఒకసారి చూసి రాసి పెట్టండి. అలా నాలుగైదు రోజుల అంకెలు వస్తే నా మాట, మీ మాట, మీ భర్త మాట ఎవరిదీ అక్కర్లేదు. ఆవిడ ఒంటికి పడుతుందో లేదో అందులోనే తెలుస్తుంది. కిడ్నీ సమస్య ఏదైనా ఉంటే మాత్రం ఖర్జూరంలో పొటాషియం ఎక్కువ కాబట్టి అడగకుండా ఒక్కటి కూడా పెట్టవద్దు.

డబ్బా మీద షుగర్ ఫ్రీ అని రాయమన్న ఆవిడకు కుదరదని చెప్పండి. మన దేశంలో ఘన పదార్థం 100 గ్రాములకు అర గ్రాము మించి చక్కెర ఉంటే ఆ మాట వాడకూడదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల నియమాల ప్రకారమైతే చక్కెరకు బదులు ఎండు పండ్ల ముద్ద వేసిన దానికి చక్కెర కలపలేదు అని రాయడం కూడా తప్పే. పుట్టినరోజుకు ఎంతోమంది పిల్లలొస్తారు, వాళ్ళలో పల్లీ, నువ్వులు పడని పిల్లలు ఉండొచ్చు. వాడిన పదార్థాలన్నీ చీటీ రాసి డబ్బాకు అంటించండి, అది షుగర్ ఫ్రీ కన్నా ఉపయోగం. ఒకసారి స్నేహంగా ఇవ్వడం వేరు. డబ్బు తీసుకుని అమ్మడం మొదలుపెడితే ఇంటి వంటకైనా ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

మిగిలింది మీ ముగ్గురి మధ్య మాట. ఊరుకుని నెమ్మదిగా ఉండలు తగ్గించేస్తే, కోడలు డబ్బా దాచేసిందని అత్తగారు అనుకుంటారు. మీరొక్కరే వెళ్ళి చెబితే సంజాయిషీలా ఉంటుంది. మీ భర్త ఒక్కరే చెబితే ఆ రోజు మాదిరిగానే మాట తూలవచ్చు. షుగర్ లేదని మొదట అన్నది ఆయనే కాబట్టి ఈ మాటలో ఆయన పక్కన ఉండటం న్యాయం. ముందు ఆయనతో విడిగా మాట్లాడండి. నువ్వే పెట్టావు కదా అని మొదలుపెట్టకండి. "మనిద్దరం తెలియక అనుకున్నాం, ఇదిగో లెక్క" అని ఆ 18 గ్రాముల కాగితం ఆయన చేతికివ్వండి. "ప్రయోగాలు" అన్న మాట మీకు ఎంత తగిలిందో కూడా అప్పుడే చెప్పండి, దాచుకోవద్దు. ఆయన వెంటనే ఒప్పుకోకపోవచ్చు. రెండు రోజులు ఆగి మళ్ళీ అడగండి.

తర్వాత ఇద్దరూ అత్తగారి దగ్గర కూర్చోండి. ఖర్జూరం ప్యాకెట్ వెనక చక్కెరలు ఎన్ని గ్రాములో ఉంటుంది, అది చూపించండి. "అత్తయ్యా, షుగర్ లేదని మేమే పొరపాటు చెప్పాం. మీరు మా మాట నమ్మి తిన్నారు" అనండి. మీరెక్కువ తిన్నారు అనే అర్థం వచ్చే మాట ఎవరి నోటా రాకూడదు. పదేళ్ళుగా పండగ పూట కూడా నోరు కట్టుకున్న మనిషి రెండు నెలలు సంతోషంగా తిన్నారు. ఆవిడ డబ్బా ముట్టుకోకపోవడం నాకు కోపంలా అనిపించలేదు. తన వల్ల మీ ఇద్దరికీ మాటా మాటా వచ్చిందని ముడుచుకుపోయినట్టుంది. నా ఊహ తప్పు కావచ్చు, మీరు దగ్గర నుంచి చూస్తున్నారు.

ఒక సంగతి గుర్తుచేస్తాను. పొయ్యి మీద పాకం పట్టకుండా చేసే ఉండ మనకు కొత్త కాదు. నాగుల చవితికి నువ్వులు, బెల్లం కలిపి దంచే చిమ్మిలి అలాంటిదే. పచ్చి చలిమిడీ అంతే. మీరు వీడియోలు చూసి నేర్చుకున్న పని మీ అత్తగారు రోలు దగ్గర ఎన్నోసార్లు చేసి ఉంటారు. నువ్వులు ఎంత వేగితే చాలో, చేదెక్కకముందు ఎప్పుడు దించాలో ఆవిడకు వాసనతో తెలుస్తుంది. ఈ ఆదివారం నువ్వుల మూకుడు ఆవిడకు అప్పగించి, మీరు పాపతో కలిసి ఖర్జూరం గింజలు తీయండి. ఆవిడ కాదంటే బలవంతపెట్టకండి, నాలుగు రోజులాగి మళ్ళీ అడగండి. మోకాళ్ళ నొప్పికి మాత్రం ఆగకుండా ఈ వారమే డాక్టరుకు చూపించండి. ఆ సాయంత్రం నడక మళ్ళీ మొదలవ్వాలి. మూడు నెలలయ్యాక అత్తగారి ఏ1సీ, పాప రక్తపరీక్ష ఒకే రోజు చేయించి, ఆ అంకెలతో నాకు మళ్ళీ రాయండి.